వెట్టి మాట చెప్పని ఆదివారపు బడి

తెలుగు బైబిల్లో నిర్గమకాండం మొదటి అధ్యాయం తీసి చూడండి. ఐగుప్తు రాజు ఇశ్రాయేలీయుల చేత చేయించిన చాకిరీకి అక్కడ వాడిన మాట 'వెట్టి'. అనువాదకులు ఏ నిఘంటువులోనో వెతికి పట్టుకొచ్చిన మాట కాదది, మన ఊళ్ళ మాట. మాలలు అధికారుల మూటలు మోసి, ఊరూరా కబుర్లు మోసి, మాదిగలు దొరలకు చెప్పులు కుట్టి, మోటకు తోలు ఇచ్చి, కూలి అడిగే హక్కు లేకుండా చేసిన పనికి ఇక్కడ వున్న పేరు అదే. రాజుల మొదటి గ్రంథంలో సొలొమోను గుడి కట్టించిన చోట మళ్ళీ ఆ మాటే వస్తుంది. అంటే వెట్టి చేయించింది పరాయి దేశపు ఫరో ఒక్కడే కాదు, దేవుడికి మందిరం కట్టించిన సొంత రాజు కూడా చేయించాడని బైబిలు దాచకుండా చెబుతున్నది.

సండేస్కూలుకు పోయే పదేళ్ళ పిల్లనో పిల్లాడినో అడిగి చూడండి. జమ్ముపెట్టెలో పెట్టి ఏట్లో వదిలిన బాబు తెలుసు. మండినా కాలిపోని పొద తెలుసు. కప్పలు, పేలు, మిడతలు వరుస తప్పకుండా చెబుతారు. సముద్రం రెండు పాయలైన బొమ్మకు రంగులేసి వుంటారు. సొలొమోను అంటే జ్ఞాని, బిడ్డ కోసం పోట్లాడిన ఇద్దరు తల్లుల తగవు తీర్చినవాడు. వెట్టి మాత్రం తెలియదు. చదివించేవాళ్ళు ఆ మాట దగ్గర ఆగరు గనక తెలియదు. బొమ్మలున్న పాఠాల పుస్తకంలో ఆ మాట వుండదు గనక తెలియదు. వాళ్ళ తాత చేసింది వెట్టే. ఆ ముక్క ఇంట్లో ముసలమ్మకు తెలుసు, బైబిలుకు తెలుసు, మధ్యలో వున్న బడికి తెలియదు.

పిల్లలకిచ్చే క్రైస్తవ విద్యకు పునాది ఏమిటి, దాని లక్ష్యం ఏమిటి అని అడిగితే సంఘ పెద్దలు, వేదాంత కళాశాలల పండితులు తయారుగా వున్న జవాబు ఒకటి చెబుతారు. పునాది దేవుని వాక్యం, లక్ష్యం రక్షణ, క్రమశిక్షణ. సామెతల గ్రంథం 22వ అధ్యాయంలోంచి పిల్లలు నడవాల్సిన దారి గురించిన వచనం ఒకటి జోడిస్తారు. జవాబులో తప్పేం లేదు. ఏ దేశంలో, ఏ కులంలో పుట్టిన పిల్లలకైనా అది సరిపోతుంది. అట్లా అందరికీ సరిపోవడమే దానితో వచ్చిన చిక్కు. తెలుగు నాట ఆదివారపు బడిలో కూచునే పిల్లల్లో ఎక్కువమంది మాల మాదిగల పిల్లలు. ఈ పిల్లల చదువుకు వేరే చరిత్ర వుంది. ఆ చరిత్ర తెలియకుండా పునాది గురించి మాట్లాడటం గాలిలో గోడ కట్టడమే.

ముందు ఆదివారపు బడి పుట్టుక సంగతి. దానికి పేరు తెచ్చినవాడు ఇంగ్లండులో గ్లాస్టర్ పట్నంలో పత్రిక నడిపిన రాబర్ట్ రైక్స్. 1780లో అతను పెట్టిన బడి గుండుసూదుల కార్ఖానాల్లో వారానికి ఆరు రోజులు పనిచేసే పిల్లల కోసం. ఆదివారం ఎందుకంటే వాళ్ళకు సెలవు దొరికేది ఆ ఒక్కరోజే. చెప్పింది ముందు అక్షరాలు, తర్వాత బైబిలు. అయితే అక్షరం దగ్గరే పేచీ వచ్చింది. పేదపిల్లలకు చదవడం నేర్పితే చాలు, రాయడం నేర్పకూడదని వాదించిన భక్తులున్నారు. హన్నా మోర్ తన బడుల్లో చదువు చెప్పించింది, రాత మాత్రం నేర్పనివ్వలేదు. చదివేవాడు పైవాళ్ళు చెప్పింది తెలుసుకుంటాడు, రాసేవాడు తన సంగతి పైవాళ్ళకు చెబుతాడు. ఆ తేడా వాళ్ళకు బాగా తెలుసు. 1870 చట్టం తర్వాత ఇంగ్లండులో ప్రభుత్వపు బడులు వచ్చాయి. అక్షరాలు అటు పోయాయి, ఆదివారపు బడికి మతపాఠం మాత్రం మిగిలింది. కూలి పిల్లల బడిగా పుట్టిన సంగతి మనకు వచ్చిన పుస్తకాల్లో లేకుండా పోయింది.

మన దగ్గర కథ ఇంకా సూటిగా వుంటుంది. 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ పెట్టిన ఇంగ్లీషు బడి అగ్రకులాల పిల్లల కోసం. పైకులాల వాళ్ళు మారితే కిందికులాలు వాటంతటవే వస్తాయని ఆనాటి మిషనరీలు చాలామంది నమ్మారు. నీళ్ళు పైనుంచి కిందికి కారతాయన్న లెక్క. కారలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుంటే బడి దాదాపు ఖాళీ అయింది. క్రైస్తవం వచ్చింది కింది నుంచి. రాఘవాపురం మాల పెద్ద పగోలు వెంకయ్య 1859లో, తాళ్ళకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. వీళ్ళను ఎవరో వచ్చి వల వేసి పట్టలేదు. పేరయ్య అప్పటికే రాజయోగం గురువుల చుట్టూ తిరిగి సత్యం కోసం వెతుక్కుంటున్నవాడు. ఒంగోలు మాదిగల్లో అట్లాంటి గురువులు, శిష్యులు ఎంతమంది వుండేవాళ్ళో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో రాసింది. తోళ్ళు కుట్టేవాళ్ళకు తత్వచింత ఏముంటుందని అనుకునేవాళ్ళు ఆ పుస్తకం చదవాలి.

ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ బడిలో మొదట బ్రాహ్మణ పిల్లలున్నారు. మాదిగలు సంఘంలోకి రావడం మొదలవగానే పైకులాలు ఏదో ఒకటి తేల్చుకోమన్నాయి, మేమా వాళ్ళా అని. ఆ రాత్రి తానూ భార్యా విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో లోకం నీచంగా చూసినవాళ్ళను దేవుడు ఎంచుకున్నాడన్న భాగమే కనిపించిందని క్లౌ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ కథను దేవుని నడిపింపుగా చెప్పుకునేవాళ్ళు చెప్పుకోవచ్చు. నాకు అందులో కనిపించేది ఇంకొకటి. బడి తలుపు దగ్గర ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకోవాల్సి వచ్చింది. తేల్చుకున్నాకనే అక్కడ క్రైస్తవ విద్య మొదలైంది. అంతకుముందు నడిచింది ఇంగ్లీషు చదువు మాత్రమే. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మాదిగలకు పని దొరకడం, కరువు తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం అందరూ చెప్పుకునేదే. చెప్పుకోనిది ఆ తర్వాతి సంగతి. వచ్చిన ప్రతి పల్లె బడి అడిగింది. పంతుల్ని పంపమన్నది.

ఆ పల్లెబడి ఎట్లా వుండేదో చాలామంది పెద్దవాళ్ళకు ఇంకా గుర్తు. మట్టిగోడలు, తాటాకు కప్పు. పగలు బడి, రాత్రి ప్రార్థన. పంతులే ఉపదేశి, ఉపదేశే పంతులు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించి, ఆ అక్షరాలు కూడబలుక్కుని సువార్త చదివేదాకా తీసుకొచ్చేవాడు. అతను కూడా ఏ మాలపల్లెలోనో మాదిగ గూడెంలోనో పుట్టినవాడే. అతని భార్య ఆడపిల్లలకు చదువు చెప్పేది. దోర్నకల్లులో బిషప్ అజరయ్య 1912 నుంచి 1945 దాకా నడిపిన పని అంతా ఈ పంతులు, పంతులమ్మల మీదే నిలబడింది. ఆదివారం పనికి రానని చెప్పడం, చచ్చిన గొడ్డు తినడం మానడం, జాతరలో డప్పు కొట్టనని నిలబడటం కూడా ఈ చదువులో భాగమే. భూస్వాములు తిరగబడింది యేసు మీద కాదు, ఆదివారం సెలవు మీద. బావి మూసినా, కొట్టినా పల్లెలు నిలబడ్డాయి. వారంలో ఒక్కరోజు నా ఒళ్ళు నాది అని మాదిగవాడు చెప్పడం మామూలు సంగతి కాదు. విశ్రాంతి దినపు ఆజ్ఞను పిల్లలకు చెప్పేటప్పుడు ఈ చరిత్ర చెప్పే పాఠం ఒక్కటైనా వుందా? వున్నదల్లా ఆదివారం ఆటలాడకూడదు, గుడికి ఆలస్యంగా రాకూడదు.

కాబట్టి నా వాదన ఇది. దళిత పిల్లల క్రైస్తవ విద్యకు పునాది సిద్ధాంత గ్రంథాల్లో లేదు. అక్షరం కావాలి, మనిషిగా నిలబడాలి అని తల్లిదండ్రులు అడిగిన దాంట్లో వుంది. ఆ అడిగినప్పుడు బైబిలు, పలక ఒకే చేతిలో వున్నాయి. తర్వాత వాటిని విడదీశారు.

పలక పట్నం పోయింది. మిషను బడుల్లో పెద్దవి ఇంగ్లీషు మీడియం అయినాయి, ఫీజులు కట్టగలిగిన వాళ్ళవి అయినాయి. పల్లెల్లో ప్రాథమిక బడులు మూతపడ్డాయి, లేదా ఎయిడ్ కింద ఒకరిద్దరు టీచర్లతో ఈడ్చుకొచ్చాయి. ఆ మిగిలినవాటి మీద కూడా 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సిబ్బందిని అప్పగించమని ఒత్తిడి తెచ్చింది. అదే ఏడాది జాతీయ బాలల హక్కుల కమిషన్ ఇచ్చిన నివేదికలో దేశంలోని క్రైస్తవ బడుల్లో చదివే పిల్లల్లో 74 శాతం క్రైస్తవేతరులని తేలింది. మైనారిటీ సంస్థల మీద ఆ కమిషన్‌కు తన ఉద్దేశాలు తనకుండొచ్చు. బడి అందరిదీ కావడంలో తప్పు కూడా లేదు. అయితే ఆ 74 శాతంలో, మిగిలిన 26 శాతంలో కూడా పల్లె పిల్లలెందరు అన్న ప్రశ్న మనం వేసుకోకపోతే ఇంకెవరు వేస్తారు? విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద, వెనకబడిన పిల్లలకు ఇవ్వాలన్నది. మైనారిటీ బడులకు ఇది వర్తించదని 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో చెప్పింది. 2025లో అదే కోర్టులో మరో బెంచి ఆ తీర్పును అనుమానించి పెద్ద బెంచి ముందుకు పంపింది. కోర్టు ఏం చెప్పినా సరే, సంఘం తనకు తాను ఏం చెప్పుకుంటున్నది? మాల మాదిగల పేరు మీద వచ్చిన స్థలంలో, వాళ్ళ పేరు మీద వచ్చిన మైనారిటీ హక్కుతో నడిచే బడిలో వాళ్ళ పిల్లకు సీటు లేకపోవడం చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ధర్మం అవుతుందా? అంబేద్కర్ ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నాడు. ఆయన పోయాక 1989లో అచ్చయిన క్రైస్తవంపై వ్యాసాల్లో, మిషన్లు చదువుల మీద, ఆస్పత్రుల మీద పెట్టిన డబ్బు ఎక్కువగా సవర్ణ హిందువులకే మేలు చేసిందని ఆయన నిలదీశాడు.

బైబిలు పల్లెలోనే మిగిలింది, పలక లేకుండా. ఇంగ్లండులో జరిగినట్టే ఆదివారపు బడి అంటే కథ, పాట, బంగారు వాక్యం, రంగుల బొమ్మ అయింది. ఎండాకాలంలో పది రోజుల వి.బి.యస్. దాని పాటలు హుషారుగా వుంటాయి, పిల్లలు ఇష్టంగా పోతారు, మంచిదే. వ్యాకరణం తెలియని చిన్నపిల్ల మైకు పట్టుకుని వందమంది ముందు వాక్యం చెబుతుంది. బడిలో వెనక బెంచీలో నోరు మెదపని పిల్ల ఇక్కడ గొంతెత్తుతుంది. దీన్ని తక్కువ చేయను. దళిత ఉద్యమంలోని చాలామంది వక్తలకు, పాటగాళ్ళకు మొదటి వేదిక ఇదే. కానీ గొంతు ఇచ్చిన బడి ఆ గొంతుతో ఏం చెప్పిస్తున్నది అన్నది చూడాలి.

పాఠాల పుస్తకాలు వరుసగా చదివితే ఒక పద్ధతి కనబడుతుంది. కథలో యజమాని, బానిస వున్నచోటల్లా బానిస మంచితనమే పాఠం. రాజుల రెండో గ్రంథం అయిదో అధ్యాయంలో నయమాను ఇంట్లో ఒక చిన్నపిల్ల వుంటుంది. సిరియా సైన్యం ఇశ్రాయేలు దేశం మీద పడి పట్టుకుపోయిన పిల్ల. ఆమెకు పేరు కూడా లేదు. యజమానికి కుష్ఠు వస్తే బాగయ్యే దారి చెబుతుంది. పాఠం: చిన్నవాళ్ళయినా దేవుణ్ణి గురించి సాక్ష్యం చెప్పాలి, యజమానులకు మేలు చేయాలి. ఆ పిల్లను వాళ్ళమ్మ దగ్గర్నుంచి ఎవరు లాక్కెళ్ళారు, మళ్ళీ ఇంటికి పంపారా లేదా అని పుస్తకం అడగదు. నయమాను బాగయ్యాడు, వెండి బంగారాలు బండెక్కాయి, గేహజీకి శిక్ష పడింది. ఆ పిల్ల ఏమైంది? పట్నంలో ఎవరింట్లోనో అంట్లు తోముతున్న అక్క వున్న పిల్లకు ఈ ప్రశ్న వెంటనే తడుతుంది. అడగనివ్వాలి, అంతే.

నెహెమ్యా అయిదో అధ్యాయం ఏ పిల్లల పాఠంలోనూ కనబడదు. నెహెమ్యా అంటే గోడ కట్టినవాడు, ఐక్యంగా పనిచేయాలి, అయిపోయింది. ఆ గోడ కట్టే రోజుల్లోనే పేదవాళ్ళు వచ్చి, తిండిగింజల కోసం పొలాలు తాకట్టు పెట్టాం, పన్ను కట్టడానికి అప్పు చేశాం, పిల్లల్ని దాస్యానికి అప్పగించాం, తీసుకున్నవాళ్ళు మన సొంతవాళ్ళే అని మొరపెట్టుకుంటారు. దీన్ని తెలుగులో ఏమంటారో పల్లెలో ఎవర్నడిగినా చెబుతారు. జీతం. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జీతాల పిల్లల్ని విడిపించి బడిలో వేసే పని ఎం.వి. ఫౌండేషన్ 1991లో మొదలుపెట్టింది. బైబిల్లో జీతం పిల్లల గురించి ఒక అధ్యాయమే పెట్టుకున్న సంఘం అంతకుముందే ఆ పని ఎందుకు మొదలుపెట్టలేకపోయింది? నాబోతు ద్రాక్షతోట కథ చెబుతారు, అందులో యెజెబెలు చెడ్డ ఆడది అని తేలుస్తారు. తాతల నాటి భూమిని రాజు దొంగసాక్ష్యాలు పెట్టి గుంజుకున్నాడన్నది పక్కకు పోతుంది. అసైన్డు భూమి పోగొట్టుకున్న ఇంటి పిల్లలకు ఆ కథ ఎట్లా చెప్పాలో వేరే చెప్పాలా?

1807లో లండన్‌లో వెస్టిండీస్ నీగ్రో బానిసల కోసం ఒక బైబిలు అచ్చువేశారు. అందులో ఐగుప్తు నుంచి విడుదలైన కథ తీసేశారు. పాత నిబంధన చాలా భాగం లేదు. యజమానులకు లోబడమన్న భాగాలు మాత్రం పదిలంగా వున్నాయి. మన సంఘాల్లో ఎవరూ కాగితాలు చించలేదు, ఆ పాపం అంటగట్టకూడదు. పూర్తి బైబిలే చేతికిచ్చారు. కానీ పాఠాల పుస్తకం చేసే పని దాదాపు ఆ కత్తెర చేసిన పనే.

ప్రశ్నోత్తరి సంగతి కూడా చూడాలి. 1529లో లూథరు రాసిన చిన్న ప్రశ్నోత్తరి గుంటూరు ప్రాంతపు లూథరన్ పల్లెల్లో తరాల తరబడి కంఠతా పట్టిన పుస్తకం. తల్లిదండ్రుల్ని సన్మానించమన్న ఆజ్ఞకు లూథరు చెప్పిన అర్థంలో తల్లిదండ్రులతో పాటు యజమానులు కూడా వున్నారు, వాళ్ళను తృణీకరించకూడదు, సేవించాలి. పదహారో శతాబ్దపు జర్మనీలో యజమాని అంటే ఎవరో ఏమో, పల్నాడులో మాలపల్లె పిల్లాడికి యజమాని అంటే ఒక్కడే అర్థం. వాళ్ళ నాన్న పాలేరుగా వున్న ఆసామి. ఆసామిని నాన్నతో సమానంగా గౌరవించమని పదేళ్ళ పిల్లాడి చేత దేవుని ఆజ్ఞగా ఒప్పచెప్పించడం ఎంత పని చేస్తుందో ఆలోచించండి. పుస్తకం కంఠతా పట్టించిన పంతులుకు ఈ ఉద్దేశం వుండి వుండదు. ఉద్దేశం లేకుండానే భావజాలం పనిచేస్తుంది.

ఇక్కడే పాపం అన్న మాట వస్తుంది. పాఠాలన్నిటికీ ఇరుసు అదే. నువ్వు పాపివి, యేసు నీ కోసం చనిపోయాడు, మారుమనసు పొందు. అంబేద్కర్ ఆ వ్యాసాల్లో ఇంకో మాట అన్నాడు. అంటరానివాడి పతనానికి కారణం అతని చుట్టూ వున్న అన్యాయపు సంఘం అని చెప్పకుండా అతని పాపమే అని చెప్పే బోధ, అతనిలోంచి పోరాడే శక్తిని తీసేస్తుందని. మతం మారకముందు కర్మ, మారాక పాపం. మాట మారింది, తప్పు మాత్రం నీదే. పెద్దవాళ్ళయితే కొంత వాదించుకుంటారు. ఆరేళ్ళ పిల్ల ఏం చేస్తుంది? హోటల్లో తన తాతకు వేరే గ్లాసు పెట్టడం చూసింది, ఆదివారం వచ్చి నేను పాపిని అని పాడుతుంది. రెంటికీ సంబంధం తనే కలుపుకుంటుంది. కులం పాపం అని, అది చేసేవాళ్ళ పాపం అని, దానికి మారుమనసు పొందాల్సింది వాళ్ళని ఎవరైనా ఆ పిల్లకు చెప్పారా? అట్లా చెబితే పాపం అన్న మాట పోదు. సరైన చోట పడుతుంది. ప్రవక్తలు చెప్పిందీ అదే, ఆమోసును తీసి చదువుకోవచ్చు.

ఇప్పటిదాకా చెప్పినదానికంటే కష్టమైన సంగతి ఒకటి వుంది. దాని మీద పాస్టర్లు మాట్లాడరు, ఉద్యమకారులు కూడా పెద్దగా మాట్లాడరు. పిల్లకు రెండు పేర్లుంటాయి. ఆదివారం ఒక పేరు, సోమవారం బడి రిజిస్టర్లో ఇంకో పేరు. పేరు ఒకటే అయినా మతం గడిలో హిందూ అని వుంటుంది. ఎందుకో అందరికీ తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్ళు షెడ్యూల్డు కులాల కిందికి రారన్నది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని బయటే వుంచారు. మన దగ్గర మారినవాళ్ళకు బీసీ-సి కింద ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతం ఆంక్ష తీసేయమన్నది, తీయలేదు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసం పాటిస్తూ కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అన్నది. ఆ కేసులో సాక్ష్యంగా నిలిచిన వాటిలో ఒకటి, ఆమెకు చంటిబిడ్డగా వున్నప్పుడు ఇచ్చిన బాప్తిస్మం నమోదైన గుడి రిజిస్టరు.

మతం మారినా మాలపల్లె మారలేదు. 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో చంపినవాళ్ళు ఎవరి మతం ఏమిటని అడగలేదు. ఆదివారం ప్రార్థనకు పోయే కుటుంబాలూ ఆ పల్లెల్లో వున్నాయి. కారంచేడు నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు చీరాలలో గుడి ఆవరణలోనే తలదాచుకున్నారు. దాడి చేసేవాడి లెక్కలో నువ్వు మాదిగవి, సర్కారు లెక్కలో నువ్వు మాదిగవి కావు. ఈ రెండు లెక్కల మధ్య తల్లిదండ్రులు పిల్ల చదువు కోసం ఒక గడి నింపుతారు. వాళ్ళను అబద్ధికులు అనే హక్కు ఎవరికీ లేదు. అబద్ధం ఆ ఉత్తర్వులో వుంది.

అయితే పిల్ల సంగతేమిటి? అబద్ధం ఆడకూడదన్న ఆజ్ఞ ఆదివారం నేర్చుకుంది. సోమవారం హెడ్మాస్టరు ముందు ఏం చెప్పాలో అమ్మ ఇంట్లోనే నేర్పి పంపింది. 'మనం హిందువులమా, క్రైస్తవులమా?' అని ఆ పిల్ల అడిగితే ఇంట్లో కసురుతారు, గుడిలో మాట తప్పిస్తారు. పెద్దయ్యాక ఈ మౌనం రెండు రకాలుగా బయటపడుతుంది. కొందరు కులాన్ని దాచుకుంటారు, కొందరు విశ్వాసాన్ని దాచుకుంటారు. దళిత క్రైస్తవులు రెండుసార్లు పరాయివాళ్ళు అయ్యారని కె. విల్సన్ 1982లో తన ఇంగ్లీషు పుస్తకానికి పేరు పెట్టాడు. ఆ పరాయితనం మొదలయ్యేది అడ్మిషన్ ఫారం దగ్గర, ఆరేళ్ళ వయసులో.

విచిత్రం ఏమిటంటే ఈ పిల్ల కోసమే రాసినట్టున్న కథలు రెండు సండేస్కూల్లో ఏటా చెబుతూనే వున్నారు. దానియేలు మొదటి అధ్యాయం. రాజు ఓడిపోయిన జాతి పిల్లల్ని తెచ్చి తన బడిలో వేశాడు. తన భాష నేర్పించాడు. పేర్లు మార్చాడు. దానియేలు బెల్తెషాజరు అయ్యాడు. పిల్లలు ఆ చదువు చదివారు, ఆ పేరుతో ఉద్యోగం చేశారు, తమ దేవుణ్ణి మాత్రం వదల్లేదు. పాఠాల్లో దీనికి తేలిన నీతి: రాజు భోజనం తినలేదు, కూరగాయలు తిన్నారు, ఆరోగ్యంగా వున్నారు. రెండో కథ ఎస్తేరు. ఆమె అసలు పేరు హదస్సా. తన జనం ఎవరో, తన వంశం ఏదో చెప్పవద్దని పెంచిన మొర్దెకై ఆజ్ఞాపించాడు, ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన రోజు వచ్చినప్పుడు ప్రాణానికి తెగించి చెప్పింది. పాఠాల్లో ఈమె అందమైన రాణి. బతకడం కోసం జాతి దాచుకోవాల్సిన పిల్ల గురించి, ఆ దాపరికం ఎప్పుడు విప్పాలి, ఎవరి కోసం విప్పాలి అన్నదాని గురించి ఇంతకంటే తిన్నగా మాట్లాడిన పుస్తకం ఏ మతంలో వుంది? దాన్ని కిరీటం బొమ్మకు రంగులేయించి ఇంటికి పంపుతున్నాం.

చిన్నపిల్లల మనసులో కులం ఎందుకు పెట్టాలి, వాళ్ళను పిల్లల్లా వుండనివ్వండి అని ఒక వాదం వుంది. మంచివాళ్ళే అంటారు ఈ మాట. పల్లె పిల్లకు కులం మనం చెబితే తెలిసేది కాదు. బావి దగ్గర, బడిలో మధ్యాహ్నం అన్నం దగ్గర, తోటి పిల్ల వాళ్ళమ్మ పిలుపు దగ్గర అయిదేళ్ళకే తెలిసిపోతుంది. తెలియనిది దాని గురించి మాట్లాడుకోవడం ఎట్లాగన్నది. మహారాష్ట్రలో ఫూలే దంపతుల బడిలో చదువుకున్న మాంగ్ కులపు బాలిక ముక్తా సాల్వే 1855లో మాంగ్, మహర్ల బాధ గురించి ఒక వ్యాసం రాసింది. వేదాలు మావి కావంటున్నారు గదా, అయితే మా మతం ఏది అని దేవుణ్ణే అడిగింది. దాన్ని అచ్చువేసింది అమెరికన్ మిషను వాళ్ళ జ్ఞానోదయ పత్రిక. నూట డెబ్బయ్యేళ్ళ కింద ఒక మాంగ్ పిల్ల అడిగిన ప్రశ్న వేసుకోగలిగిన మిషను పత్రిక వుంది. ఇవాళ మన సంఘాల పత్రికల్లో పిల్లల పేజీ తీస్తే చుక్కలు కలిపే బొమ్మ వుంటుంది.

ఇంకో వాదం, ఇట్లా చెబితే బైబిలు రాజకీయ కరపత్రం అయిపోతుందని. వెట్టి అన్న మాట నేను కలపలేదు, జీతం పిల్లల మొర నేను చేర్చలేదు. కనిపించేదాన్ని దాటిపోవడమే రాజకీయం. అయితే ప్రతి కథనూ బలవంతంగా మన ఊరికి లాగే పాఠం కూడా పిల్లలకు విసుగే. మంచి సమరయుని కథ మంచి సమరయుని కథగానే బాగుంటుంది. వివరించి చంపకూడదు.

తప్పు సంఘాలది మాత్రమే అని నేను అనడం లేదు. 1980ల నుంచి దళిత వేదాంతం మీద ఎన్నో సదస్సులు జరిగాయి, నిర్మల్, జేమ్స్ మాసీ లాంటివాళ్ళు రాశారు. అదంతా ఇంగ్లీషులో, పెద్దవాళ్ళకు, సెమినరీ గోడల మధ్య. పిల్లల పాఠంగా మారి పల్లెకు రాలేదు. మరోవైపు దళిత ఉద్యమం ఆదివారపు బడిని పాస్టరు గారి వ్యవహారంగా వదిలేసింది. మతం మత్తుమందు అన్న ఒక్క ముక్కతో, వారం వారం మన పిల్లలు వందల్లో కూచునే చోటును చేజేతులా వదులుకున్నాం. ఇది మాల గుడి, అది మాదిగ గుడి అన్న గీత కూడా పిల్లలు నేర్చుకునేది ఇక్కడే. ఒకే ఊళ్ళో రెండు గుళ్ళ పిల్లలు ఒకే పాట పాడుతూ ఒకరి వి.బి.యస్.కు ఒకరు పోరు. ఈ ముచ్చట్లో అగ్రకులాల పాత్ర ఏమీ లేదు, ఇది మనదే. ఇక జాషువా సంగతి. వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మిషను బడిలో పంతులుగా పనిచేసి, 'గబ్బిలం' రాసి, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చుకున్న కవి పేరు ఎన్ని సండేస్కూళ్ళలో వినబడుతుంది?

పాఠం చెప్పేది ఎవరో కూడా చూడాలి. సాధారణంగా ఇంటరో డిగ్రీయో చదువుతున్న పల్లె అమ్మాయి. జీతం లేదు. శనివారం రాత్రి పుస్తకం తిరగేసి, ఆదివారం పొద్దున్నే ముప్ఫైమందిని కూచోబెట్టి చెబుతుంది. ఆమెకు స్కాలర్షిప్పు ఏ గడి నింపితే వచ్చిందో ఆమెకు తెలుసు. దానియేలు రెండు పేర్ల సంగతి ఆమెకు వేరే ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. పుస్తకం ఆ దారి తెరవదు, పైనుంచి ఎవరూ అడగమనరు, అందుకని ఆమె కూడా కూరగాయల దగ్గరే ఆపుతుంది. సంఘాలు శిక్షణ శిబిరాలు పెట్టేటప్పుడు తోలుబొమ్మలు ఆడించడం, చప్పట్ల పాటలు నేర్పుతున్నాయి. వాటితో పాటు ఒక పూట నిర్గమకాండం మొదటి అధ్యాయం, నెహెమ్యా అయిదు, ఎస్తేరు రెండు చదివించి, ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గర కూచుని వెట్టి సంగతులు రాసుకు రమ్మని పంపితే ఖర్చయ్యేది ఒక నోటుపుస్తకం. తర్వాతి ఆదివారం ఆ పుస్తకంలోంచి ఒక పేజీ, బైబిల్లోంచి ఒక పేజీ పిల్లల చేత చదివించి, ఆ తర్వాత వాళ్ళ చేతే రాయించవచ్చు. హన్నా మోర్ వద్దన్నది ఆ రాతే.